నోట అనకూడని సముద్రం

పోయిన వారం మీరు నన్ను ఏడు నెలల కడుపుతో, ఎర్రటి ఎండలో, ఇసుక మధ్యలో నిలబెట్టి వెళ్ళిపోయారు. మీకేం, పత్రిక మడిచి దిండు కింద పెట్టుకున్నారు. నా కాళ్ళు చూడండి, పులిసిన పిండిలా ఉబ్బి ఉన్నాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్ళు ఓపిక పట్టండి. నా పేరు సర్బినాజ్. మొయ్నాక్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్తాను. మూడేళ్ళ కిందట చింబాయ్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయన సరిహద్దు అవతల కజకుల దేశంలో, చమురు బావుల దగ్గర పని చేస్తున్నాడు. నేను అత్తమామల దగ్గర ఉంటున్నాను. మా ఇళ్ళల్లో కోడలు అత్తింటి పెద్దల పేర్లు, మరుదుల పేర్లు పలకకూడదు. పేరు మాత్రమే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా నోట రాకూడదు. మా పక్కింటావిడ మామగారి పేరులో ఇనుము ఉందని, ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఇనుమును 'గట్టిది' అనే అంటోంది. మా మామగారి పేరు తెంగిజ్‌బాయ్. కాగితానికి చెవులు లేవు కాబట్టి రాస్తున్నాను. మా భాషలో తెంగిజ్ అంటే సముద్రం.

ఇక నా అవస్థ ఊహించుకోండి. సముద్రం ఎండిపోయి, ఓడలన్నీ ఇసుకలో కూరుకుపోయి, పొద్దున లేచింది మొదలు దాని గురించి తప్ప ఇంకో మాట లేని ఊళ్ళో, నేను మూడేళ్ళుగా ఆ మాట అనకుండా కాపురం చేశాను. 'పెద్ద నీళ్ళు' అంటాను. బడిలో భూగోళం చెప్పేటప్పుడు కూడా పెద్ద నీళ్ళే. పిల్లలు పరీక్షలోనూ అలాగే రాసేసరికి హెడ్మాస్టరు నన్ను పిలిచి చీవాట్లు పెట్టాడు. మామగారు మాత్రం ఆ సంగతి విని మురిసిపోయి, వీధిలో పోయేవాళ్ళందర్నీ ఆపి ఆపి చెప్పారు. నా మీద ఆయనకున్న అభిమానమంతా ఆ పెద్ద నీళ్ళ మీదే నడుస్తోంది.

ఆ అభిమానం నాకిప్పుడు ప్రాణావసరం. కొడుక్కి పుట్టిన మొదటి బిడ్డను తాత, నాయనమ్మ తీసుకుని తమ బిడ్డగా పెంచుకోవడం కూడా మా ఇళ్ళల్లో ఆచారమే. అత్తయ్య అప్పుడే ఉయ్యాల తన గదిలో వేయించేసింది. రేపు పుట్టేవాడు ఆవిడను అమ్మా అంటాడు, నన్ను వదినా అంటాడు. నేను ఇవ్వదలచుకోలేదు. ఆవిడ మాటకు అడ్డు చెప్పగల మనిషి ఇంట్లో ఒక్క మామగారే. "పండుగనాడు ఆయన సంబరంగా ఉంటాడు, అప్పుడడుగు" అని మా ఆయన ఫోనులో సలహా ఇచ్చాడు. అంత దూరంలో కూర్చుని సలహాలివ్వడం తేలికే.

ఇక నా ఘనకార్యం. ఏప్రిల్‌లో దిల్దోరా అనే తాష్కెంటు పిల్ల మైకు పట్టుకుని మా బడికి వచ్చింది. కళాకారిణి. ఊళ్ళో అందరి చేతా సముద్రం అనే ఒక్క మాట పలికించి, అన్ని గొంతులూ కలిపి ఎక్కడో బెర్లిన్‌లో వినిపిస్తానంది. నాకప్పుడు మూడో నెల. వేవిళ్ళ కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకు చొంగ ఆగదంటారు మా వైపు. ఒకరికి పుల్లటివి కావాలి, ఒకరికి మట్టి కావాలి. నాకు ఆ మాట మీదికి పోయింది మనసు. పిల్లలు వెళ్ళిపోయాక తలుపేసి మైకులో అనేశాను. బెర్లిన్‌లో మా మామగారికి చుట్టాలెవరూ లేరు కదా అనుకున్నాను.

ఆ గొంతుల పెట్టె ఇప్పుడు బెర్లిన్‌లో లేదు. పట్నం కుర్రకారు వచ్చి పాటలు పెట్టే మా ఊరి ఎడారి పండుగలో, ఇసుకలో పడి ఉన్న ఓడల్లో ఒకదాని కడుపులో పెట్టారు. ఆ ఓడను ఒకప్పుడు నడిపింది మా మామగారే. సాయంత్రం నాలుగింటికి రిబ్బను కత్తిరించేదీ ఆయనే. పోయిన వారం చివరి వాక్యంలో నాకు తెలిసిన సంగతి ఇదీ.

అప్పుడు టైము మూడుంపావు.

దిల్దోరాను వెతుక్కుంటూ బయల్దేరబోయాను. గుడారంలో అత్తయ్య, చిన్నత్తయ్య పొయ్యి ముందు కూర్చుని పండుగకొచ్చినవాళ్ళ కోసం బవుర్సక్‌లు, అంటే నూనెలో పొంగే పిండి ఉండలు, వేయిస్తున్నారు. చిన్నత్తయ్య అంటే జుమగుల్, మామగారి చెల్లెలు. కొంగ్రాత్‌లో ఉంటుంది, నలభై దాటిన మనిషి, నవ్వితే కళ్ళు కనబడవు. ఇలాంటి పనులుంటే రెండు రోజులు ముందే వచ్చి వాలుతుంది. అత్తయ్య ప్రపంచంలో ఎవరినైనా కసురుతుంది గాని ఆడపడుచును కసరదు. మొదటి వాయి బవుర్సక్ తీసి ఊది మరీ ఆవిడ చేతిలో పెడుతోంది.

"ఎక్కడికే అమ్మాయ్?" అంది అత్తయ్య నన్ను చూసి.

"ఊరికే అత్తయ్యా, కాళ్ళు పట్టేశాయి. నాలుగడుగులు వేసొస్తాను."

"పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నావు. ఇంకా నాలుగడుగులా? సరే, తాళ్ళు దాటకు."

"అవి తాళ్ళు కాదు, కరెంటు వైర్లు."

"పొడుగ్గా ఉండి కాళ్ళకడ్డం పడేదల్లా తాడే. దాటావంటే బొడ్డుతాడు బిడ్డ మెడకి చుట్టుకుంటుంది."

"కరెంటుది లెక్కలోకి రాదేమో వదినా," అంది చిన్నత్తయ్య నా మీద జాలిపడి.

"నువ్వు తిను తల్లీ, చల్లారిపోతుంది," అంది అత్తయ్య. నా వైపు తిరిగి, "చుట్టూ తిరిగి వెళ్ళు," అని గరిటె చూపించింది.

చుట్టూ తిరిగి వెళ్ళమంటే తేలికా? పండుగంటే గుడారాలు, గుడారమంటే తాళ్ళు. దానికి తోడు పాటల వేదిక నుంచి ప్రతి ఓడకూ నల్లటి వైర్లు లాగారు. ఒక్కో వైరు మొదలెక్కడుందో వెతుక్కుని, దాని చివర దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చేసరికి రెండడుగుల దూరం రెండు వందల అడుగులైంది. అమ్మమ్మ కాలం నుంచి వింటున్న మాట, నమ్ముతానా అంటే నమ్మను. దాటుతానా అంటే దాటలేను. కడుపులో ఉన్నది నా ఒక్కదాని సొత్తయితే ఏమోగాని, ఇంతమంది కన్నేసిన బిడ్డతో పందెం కాయడానికి మనసు రాలేదు.

పాటల వేదిక మీద ఎవరో డప్పు యంత్రం సరిచూసుకుంటున్నారు. అది దబ్ అన్నప్పుడల్లా లోపల బిడ్డ ఒక తన్ను తంతోంది. పచ్చజుట్టు కుర్రాళ్ళు, బంగారు రంగు కళ్ళద్దాల అమ్మాయిలు దారిచ్చి నా పొట్ట వైపు ముచ్చటగా చూశారు. ఒకమ్మాయి ఫొటో తీసుకోవచ్చా అనడిగింది. తరవాత తల్లీ తరవాత అంటూ ఇంకో వైరు చివర వెతుక్కున్నాను. ఉప్పు దుమ్ము గొంతులో పడి దగ్గొచ్చింది. అంతసేపూ నా మనసులో ఒకటే బొమ్మ. ఊరంతా చేరి ఉంటుంది, రిబ్బను తెగుతుంది, నా గొంతు మామగారిని పేరు పెట్టి పిలుస్తుంది, ఆయన ఈ జన్మకి నా మొహం చూడరు, ఉయ్యాల అత్తయ్య గదిలోనే ఉండిపోతుంది.

దిల్దోరా ఓడ పక్కన నిచ్చెన మీద నిలబడి ఏదో స్క్రూ బిగిస్తోంది.

"కొంచెం దిగండి," అన్నాను. "నా గొంతు తీసెయ్యాలి."

"ఏ గొంతక్కా?"

"ఏప్రిల్‌లో బడిలో పట్టుకెళ్ళారే, అది."

"అయ్యో, మీరా!" దిగి వచ్చి నా చేతులు పట్టుకుంది. "అది తీస్తే ఇంకేముందక్కా? మొదలయ్యేదే మీతో. ముందు మీరొక్కరే, ఆ తరవాత ఊరంతా."

నా చేతులు వెనక్కి లాక్కున్నాను.

"బెర్లిన్ అన్నారు గదా మీరు?"

"బెర్లిన్‌లో జూన్‌లో అయిపోయింది. అక్కడ జనం విని ఏడ్చారు, తెలుసా?"

"ఇక్కడ నేనేడుస్తాను," అని సంగతి చెప్పాను. ఆ పిల్ల ముందు నవ్వింది, నా మొహం చూసి నవ్వు ఆపుకుంది.

"మామగారి పేరు సముద్రమైతే సముద్రం అనకూడదా? మరి ఆయన పేరు గాలి అయితే?"

"ఊదేది అంటాం."

"ఉప్పయితే?"

"చప్పన కానిది అంటాం. ఇప్పుడు కూర్చుని నిఘంటువు రాద్దామా, నా గొంతు తీద్దామా?"

"సరేలే అక్కా, కంగారు పడకండి. లాప్‌టాప్‌లో ఉంది, పది నిమిషాల పని. లోపల మనిషి అడుగు పెడితే దానంతటదే మొదలవుతుంది, అడుగు పెట్టకపోతే మొదలవదు. రిబ్బనుకి ఇంకా అరగంట టైముంది గదా."

హమ్మయ్య అనుకున్నాను. ఉదయం నుంచి మొదటిసారి గాలి పీల్చుకున్నాను. అంతలో ఆ పిల్ల ఓడ వైపు చూసి తల గోక్కుంది.

"అన్నట్టు లోపల ఒక పెద్దాయన ఉన్నాడు. తెల్లటోపీ, నల్లకోటు. ఇప్పుడే వెళ్ళకూడదండీ అంటే, 'నా ఓడెక్కడానికి నాకు రిబ్బనేమిటమ్మా' అని వెళ్ళిపోయాడు. మీకు తెలుసా ఆయన?"

తెలుసా అని అడుగుతోంది. ఈ ఎడారిలో తెల్లటి కెప్టెను టోపీ పెట్టుకుని తిరిగే మనిషి ఒక్కరే.

ఓడ పొట్టకు పెద్ద కన్నం కోసి, దానికి చెక్కబల్ల ఒకటి వాల్చారు. ఆ బల్లకు అడ్డంగా నా ముంజేతి లావు వైరు పడి ఉంది. ఒక చివర ఓడలోకి పోతోంది, ఇంకో చివర ఎక్కడో వేదిక దగ్గరుంది. చుట్టూ తిరిగే దారి లేదు. ఒక్క నిమిషం నిలబడ్డాను. పొట్ట కింద చెయ్యి వేసుకుని, బిడ్డకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని దాటేశాను. వెనక ఎవరో చిన్న కేక వేసినట్టయింది. తిరిగి చూడలేదు.

లోపల అడుగుపెట్టగానే నా గొంతు మొదలైంది.

"తెంగిజ్," అంది. కొంచెం ఆగి మళ్ళీ, "తెంగిజ్." మూడోసారి అంటూ అంటూ నవ్వేసింది. ఆ నవ్వు సంగతి నేను మరిచిపోయాను. పుట్టింట్లో ఉన్నప్పటి నవ్వు అది, చున్నీ అడ్డం పెట్టుకోకుండా నవ్విన నవ్వు. తుప్పు కన్నాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఒకప్పుడు చేపలు పోసిన ఆ గదిలో, టోపీ చేతిలో పట్టుకుని, మామగారు నా వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

"మామయ్యా..."

"ఆగు. పూర్తికానీ," అన్నారు వెనక్కి తిరగకుండానే.

నా తరవాత ఊరంతా వచ్చింది. బడి వంటావిడ, పోస్టుమాస్టరు, పళ్ళులేని ముసలాయన ఒకరు, ఒకరి మీద ఒకరు గుసగుసగా అదే మాట. అది పూర్తయ్యేదాకా ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. నేను గోడ పట్టుకున్నాను, చేతికి తుప్పంటింది.

"రెండోసారి వినడం," అన్నారు. "నేను లోపలికొచ్చినప్పుడు ఒకసారి, నువ్వొచ్చినప్పుడు ఒకసారి. మూడుసార్లు అన్నావు."

"అవును మామయ్యా."

"మూడోసారి నవ్వావు. నా పేరులో నవ్వొచ్చేదేముందమ్మాయ్?"

అబద్ధమాడదామని నోరు తెరిచాను. నా గొంతు కాదు, నాలాంటి గొంతు అనొచ్చు. ఆ పిల్ల బలవంతం చేసిందనొచ్చు. తీరా నోట్లోంచి నిజమే వచ్చింది.

"వేవిళ్ళప్పుడు నాకు దేని మీదా మనసు పోలేదు మామయ్యా. ఉప్పు చేప వద్దు, పుల్లపెరుగు వద్దు. ఆ మాట ఒకటి అనాలని కొట్టుకుపోయాను. అన్నాక హాయిగా అనిపించింది. నవ్వొచ్చేసింది."

ఆయన అప్పుడు తిరిగారు. కోపమో కాదో తెలియలేదు, వెలుగు ఆయన వెనకుంది.

"మీ అత్త నాలుగు కాన్పులకీ మట్టి తింది, సుద్ద తింది, ఒకసారి బస్తాడు పచ్చి క్యారెట్లు తింది. మామగారిని తిన్న కోడల్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

నాలుగు కాన్పులన్నారు. నాకు తెలిసి మూడే, ఇద్దరు ఆడపిల్లలు, మా ఆయన. వయసు మీద పడి పొరపాటన్నారనుకున్నాను. తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాను.

"కూర్చో," అన్నారు. అక్కడున్న చెక్కపెట్టె మీద కోటు విప్పి పరిచారు. "నా పేరు ఇదివరకు ఎక్కడ విన్నానో తెలుసా? ఫించను ఆఫీసులో. అక్కడి పిల్ల చీటీ చూసి గట్టిగా అరుస్తుంది. ఊళ్ళో కెప్టెనంటారు. ఇంట్లో మీ అత్త 'ఇదిగో' అంటుంది, 'వినబడిందా' అంటుంది. నా తోటివాళ్ళంతా పోయారు. నవ్వుతూ నా పేరు అన్నవాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరమ్మాయ్."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ నీళ్ళతోపాటే ఇదే సమయం అని కూడా తోచింది. ఇప్పుడడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేను.

"మామయ్యా, ఒకటడగాలి."

"అడగాలనే గదా మూడు రోజులుగా నా టీలో రెండింతలు పాలు పోస్తున్నావు. అడుగు."

"పుట్టే బిడ్డని నా దగ్గరే ఉండనివ్వండి. అత్తయ్య ఎత్తుకోనీ, ఆడించనీ, రోజూ తన పక్కనే పడుకోబెట్టుకోనీ. కానీ నన్ను అమ్మా అనాలి. నేను వాడికి వదిన్ని కాలేను మామయ్యా. నాకు చేతకాదు."

ఆయన టోపీ అంచు మీది దుమ్ము దులిపారు.

"నన్ను మా నాయనమ్మ పెంచింది. తెలుసుగా?"

"తెలుసు."

"ఆవిణ్ణి అమ్మా అన్నాను. నన్ను కన్నావిణ్ణి వదినా అన్నాను. అందరిళ్ళల్లో జరిగేదే, దానికేం. మరి మా అమ్మ, నన్ను కన్నావిడ, నన్నేమని పిలిచేదో చెప్పు."

నేను చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ ఆ ఇంటి కోడలు. ఆవిడ అత్తామామలకే ఆయన కొడుకైపోయాక ఆవిడకు మరిది వరస. మరిది పేరు కోడలు పలకదు.

"తెలిసిందా?" అన్నారు. "చిన్నదొరా అనేది. చిన్నదొరా, రొట్టె తిన్నావా. చిన్నదొరా, చొక్కా ఇటియ్యి, గుండీ కుట్టిపెడతాను. నా పేరు పెట్టింది తనేనట, పురిట్లో. పెట్టి నలభై రోజులు పిలుచుకుంది. నన్నిచ్చేశాక మళ్ళీ అనలేదు. పోయేముందు చెవి దగ్గరికి రమ్మంది. ఇప్పుడంటుంది, ఇప్పుడైనా అంటుంది అని వంగాను. 'చిన్నదొరా, కాళ్ళు చల్లబడ్డాయి, దుప్పటి లాగు' అంది. లాగాను. అంతే."

"అయితే నాకిచ్చేస్తారా మామయ్యా?"

"నాది కానిది నేనెలా ఇస్తాను?" అన్నారు. "కూర్చో, లేవకు. మా అమ్మ నన్ను పోగొట్టుకుంది గదా. నాకు మొదటి బిడ్డ పుట్టగానే వచ్చి, 'నా చిన్నదొరని నాకియ్యలేదు, దీన్నియ్యండి' అంది. తల్లి నోరు తెరిచి అడిగితే కాదనలేకపోయాను. ఇచ్చేశాను. కాయితాల్లో కూడా తన కూతురనే రాయించింది. మీ అత్త అప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్ల. వారం రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు నేను దానికి మాటిచ్చాను. మన కొడుక్కి పుట్టే మొదటి బిడ్డ నీదే, ఎవరూ అడ్డు రారు అని. నలభై మూడేళ్ళుగా ఆ మాట పట్టుకుని కూర్చుంది."

"ఆ బిడ్డ... ఇప్పుడెక్కడుంది?"

"బయట బవుర్సక్‌లు వేయిస్తోంది," అన్నారు మామగారు. "జుమగుల్ నా చెల్లెలు కాదమ్మా. మీ అత్త కూతురు. ముసలివాళ్ళందరికీ తెలుసు, దానికొక్కదానికే తెలీదు. మా అమ్మ ఒట్టు వేయించుకుని పోయింది."

మొదటి వాయి ఊది చేతిలో పెట్టడం, ఎప్పుడూ కసరకపోవడం, 'నువ్వు తిను తల్లీ' అనడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ఆవిడ మీద మూడేళ్ళుగా పెంచుకున్న కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాను.

అప్పుడే నా గొంతు మళ్ళీ మొదలైంది. "తెంగిజ్." అంటే ఎవరో లోపల అడుగుపెట్టారన్నమాట.

అత్తయ్య. చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది. నేను వైరు దాటడం చూసి వెనకాలే వచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి బల్ల మీద నిలబడి వింటోందో తెలియదు. నా గొంతు నవ్వుతుంటే ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగింది. ఊరి గుసగుసలు మొదలయ్యాక నోరు విప్పింది.

"చెప్పడం అయిందా, తెంగిజ్‌బాయ్?"

మామగారి చేతిలోంచి టోపీ జారిపోయింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"ఏం, అంతలా చూస్తావు?" అంది. "కోడలు పిలిస్తే ముద్దొచ్చింది, పెళ్ళాం పిలిస్తే రాలేదా? ఆకాశమేం ఊడిపడలేదులే. ఆచారం తప్పితే ఏమీ కాదని మామా కోడలూ కూర్చుని తేల్చారు. బాగుంది. దీని బిడ్డ దీనికి. మరి నా బిడ్డని నాకెవరిస్తారు? చెప్పు తెంగిజ్‌బాయ్. అది నా చేతి వంట తిని, నన్ను వదినా అని పిలిచి, బస్సెక్కి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయాక అది తాగిన గిన్నె రెండు రోజులు కడగను నేను."

అత్తయ్య నా వైపు తిరిగింది.

"ఈయన ఇస్తానంటే నీది కాదు, ఇవ్వనంటే నాది కాదు. మోసేది నువ్వు. ఇవ్వనంటే ఇవ్వనని నా మొహం చూసి చెప్పు. ఆయన వెనక దాక్కోకు."

ఇంత బరువు మాట అడిగే మనిషి కళ్ళల్లోకి చూడటం ఎంత కష్టమో మీకు చెప్పలేను. తిట్టి ఉంటే తేలికయ్యేది. ఇచ్చేస్తాను అత్తయ్యా అని ఆవిడ కాళ్ళు పట్టుకుందామని కూడా ఒక క్షణం అనిపించింది, ఒట్టు. లోపల బిడ్డ పక్కకి తిరిగింది.

"ఇవ్వను అత్తయ్యా," అన్నాను.

ఆవిడ కొట్టలేదు, ఏడవలేదు. దగ్గరికి వచ్చి, పిండి చేత్తోనే నా చున్నీ సరిచేసింది. ఆ తరవాత పక్కనే ఉన్న పెట్టె మీద కూలబడింది.

"ఆ మాట నేనూ అనాల్సింది," అంది నెమ్మదిగా. "నాకు నోరు రాలేదు. మా అత్తగారు జుమగుల్‌ని దుప్పట్లో చుట్టి గుమ్మం దాటుతుంటే నేను టీకి నీళ్ళు మరగబెడుతూ కూర్చున్నాను. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతోంది. ఒక్క మాట, ఇవ్వను అని. అని ఉంటే ఏం చేసేవారు, కొట్టేవారు, అంతేగా. నా కూతురు నాకుండేది."

గుసగుసలన్నీ అయిపోయాయి. ఓడ గుమ్మంలో వెలుగు తగ్గినట్టయి ముగ్గురం తల తిప్పాం. లోపలికి అడుగుపెట్టకుండా, వైరుకు అవతలే, వేడి బవుర్సక్‌ల పళ్ళెం పట్టుకుని చిన్నత్తయ్య నిలబడి ఉంది.

"ఎవర్ని దుప్పట్లో చుట్టి, వదినా?" అంది.